గాలికి తగిన తొడుగు: తొమ్మిది రోజుల రికార్డింగ్ యాత్ర

అలల హోరు, కొండమీది గాలి, అడవిలో తెల్లవారుజామున వినిపించే పక్షుల కూతలు రికార్డు చేసుకుని రావాలని నేనూ నా మిత్రుడూ తొమ్మిది రోజుల ప్రయాణం పెట్టుకున్నాము. ఎక్కడ బస చేయాలి, ఏ వేళకు బయలుదేరాలి అన్న ఆలోచనలే బయలుదేరేముందు మా తలలో ఉండేవి గాని, మొదటి సాయంత్రం నుంచే ఆ లెక్కలన్నీ పక్కకు జరిగి, ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి షాట్‌గన్ మైక్‌కు గాలి తగలకుండా తొడిగే విండ్‌షీల్డ్ కొలత ఒక్కటే మా ప్రయాణాన్ని నడిపించింది. అందువల్ల మేము దిగిన చోట్లను, అద్దె సేవలను కూడా ఆ దృష్టితోనే తూచి చెబుతున్నాను.

నా దగ్గర ఉన్న షాట్‌గన్ మైక్ సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416. దాని పొడవు 250 మిల్లీమీటర్లు, వ్యాసం 19 మిల్లీమీటర్లు. మిత్రుడిది రోడ్ ఎన్‌టీజీ2. అది 280 మిల్లీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల వ్యాసం గలది. బొచ్చు తొడుగులను సామాను అద్దెకిచ్చే ఒక సంస్థ నుంచి ముందుగానే తెప్పించుకున్నాము. మైక్ ఏదని వారు అడగలేదు, మేమూ చెప్పలేదు. పెట్టెమీద ‘షాట్‌గన్ మైక్‌కు’ అని రాసి ఉండడంతో అదే చాలుననుకున్నాము. పెట్టె శుభ్రంగా, సమయానికే వచ్చింది కాబట్టి సేవలో లోపమేమీ లేదనే భావించాము.

సముద్రపు ఒడ్డున దిగిన మొదటి విడిది చూడడానికి ముచ్చటైనది. వరండా నేరుగా నీటివైపు తెరుచుకుని ఉంటుంది, మధ్యలో ఒక గోడ గాని, చెట్టు గాని అడ్డం రాదు. నిద్రకు అంతకంటే మంచి చోటు దొరకదు. రికార్డింగ్‌కు అంతకంటే చెడ్డ చోటూ దొరకదు. మైక్‌కు తొడుగు వేసి, హెడ్‌ఫోన్ పెట్టుకోగానే అలల శబ్దం కింద ఎవరో బరువైన బల్లను నేలమీద ఈడుస్తున్నట్లు ఒక దడదడ వినిపించింది. రికార్డర్‌లో లెవెల్ తగ్గించి చూశాము. అలల శబ్దం తగ్గింది, దడదడ దానితోపాటే తగ్గింది గాని విడిపోలేదు. ఎన్‌టీజీ2లో 80 హెర్ట్‌జ్ దగ్గర కింది ధ్వనులను కోసివేసే మీట ఉంది, దాన్ని వేసినా కొంతే మేలు కలిగింది. నా మైక్‌కు ఆ మీట కూడా లేదు.

తప్పు ఎక్కడుందో తెలియడానికి తొడుగును విప్పి, మైక్ పక్కన పెట్టి చూడవలసి వచ్చింది. షాట్‌గన్ మైక్ గొట్టానికి పక్కల వరుసగా చీలికలు ఉంటాయి. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక్కొక్క చీలిక గుండా కొద్దిపాటి సమయ భేదంతో లోపలికి చేరి, తనను తానే చాలావరకు రద్దు చేసుకుంటుంది. ఎదురుగా వచ్చే శబ్దం మాత్రం నిలుస్తుంది. మైక్ ఒకే దిక్కు వినడానికి కారణం ఈ చీలికలే. శబ్దం దూరే దారి గాలికీ దారే కాబట్టి, తొడుగు అన్నింటికంటే వెనుక ఉన్న చీలికను కూడా దాటి రావాలి. 416 మీద చీలికలు ముందు కొస నుంచి సగం పొడవు దాటి వెనక్కి వస్తాయి. మాకు పంపిన తొడుగు లోపలి లోతు 12 సెంటీమీటర్లు మాత్రమే. అంటే వెనుక చీలికలు కొన్ని బట్టబయలుగా సముద్రపు గాలికి ఎదురు నిలిచాయి.

దానికి తోడు తొడుగు రంధ్రం 24, 25 మిల్లీమీటర్ల లావు మైక్‌లకు చేసినది. 19 మిల్లీమీటర్ల మైక్ అందులో వదులుగా ఆడుతూ ఉంటే, ముందునుంచి అడ్డుకున్న గాలి వెనుకనుంచి దూరింది. మైక్‌ను కొసన తగిలించే బూమ్ కర్రను కొంచెం వంచితే తొడుగు జారి ఇసుకలో పడింది కూడా. రంధ్రం మరీ బిగువైతే లోపలి ఫోమ్ చిరిగిపోతుందని తెలుసుగాని, వదులైతే ఇంత నష్టమని మాకు అంతవరకు తెలియదు. ఆ రాత్రి వరండాను వదిలి, భవనం వెనుక గోడ చాటుకు వెళ్లి దూరపు అలలను మాత్రమే పట్టుకోగలిగాము.

రెండవ రోజు చెట్ల వరుస వెనుక ఉన్న మరొక విడిదికి మారాము. గది ఇరుకు, కిటికీలోంచి సముద్రం కనిపించదు, అయినా ధ్వని కోసం తిరిగేవారికి నేను దానినే సూచిస్తాను. చెట్లు గాలిని విరిచివేయడంతో చిన్న తొడుగుతోనే పది నిమిషాల నిండు రికార్డింగ్ దక్కింది.

ఆ తరువాత దారిలో మరొక అద్దె సంస్థను ఆశ్రయించాము. అక్కడి ఉద్యోగి తొడుగు చూపించేముందు మైక్‌ను చేతిలోకి తీసుకుని, ముందు కొస నుంచి చివరి చీలిక వరకు టేపుతో కొలిచి, ఆ తరువాత లావును చూశారు. 250 మిల్లీమీటర్ల మైక్‌కు 25 సెంటీమీటర్ల తొడుగు కావాలని నేను అన్నప్పుడు నవ్వి, 416కు 19 నుంచి 22 మిల్లీమీటర్ల లావు మైక్‌లకు సరిపడే రంధ్రం ఉన్న 18 సెంటీమీటర్ల తొడుగు సరిపోతుందని చెప్పారు. మిత్రుడి మైక్‌కు కూడా అదే రంధ్రం కుదిరింది, పొడవును మాత్రం విడిగా కొలిచారు. తొడుగు అవసరానికి మించి పొడవైతే మైక్ మీద మీటలు ఉంటే అవి బొచ్చులో మునిగిపోతాయని, ముందు బరువెక్కి మైక్‌ను పట్టి ఉంచే పట్టు వంగుతుందని హెచ్చరించారు. మొదటి సంస్థకు, దీనికి ఉన్న తేడా ఆ టేపు ఒక్కటే.

కొండమీది విడిది గురించి కొంత ఎక్కువ చెప్పాలి. అక్కడ చిన్న చెట్లు ఊగుతున్నాయి. గాలి వేగాన్ని స్థాయిలుగా చెప్పే బ్యూఫోర్ట్ కొలమానం ప్రకారం అది ఐదవ స్థాయి, గంటకు 29 నుంచి 38 కిలోమీటర్ల గాలి. ఆకులు, సన్నని రెమ్మలు ఎడతెగక కదులుతుంటే మూడవ స్థాయి, గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. పరికరం లేకపోయినా చెట్టును చూసి ఏ తొడుగు తీయాలో నిర్ణయించుకోవచ్చునని ఈ ప్రయాణంలో అలవాటైంది. మూడవ స్థాయికి 18 సెంటీమీటర్ల బొచ్చు తొడుగు చక్కగా తట్టుకుంది, ఐదవ స్థాయిలో మాత్రం అది చేతులెత్తేసింది. అప్పుడు రెండవ సంస్థ ఇచ్చిన బ్లింప్‌ను, అంటే మైక్ మొత్తాన్ని లోపల ఇముడ్చుకునే బుట్టను తీశాము.

బ్లింప్ కొలత వేరే లెక్క. తొడుగుకు చీలికల పొడవు చూస్తే చాలు, బ్లింప్‌కు మైక్ మొత్తం పొడవుతోపాటు వెనుక తగిలించే కనెక్టర్‌ను, కేబుల్ వంగడానికి కావలసిన చోటును కూడా కలుపుకోవాలి. 250 మిల్లీమీటర్ల మైక్‌కు కనెక్టర్ మరికొన్ని సెంటీమీటర్లు చేరుస్తుంది. మైక్ ముందు కొస బుట్ట గోడకు తాకితే, బుట్టకు తగిలిన ప్రతి చిన్న కదలికా శబ్దంగా మారుతుంది. కాబట్టి ముందూ వెనుకా ఖాళీ తప్పనిసరి. బుట్ట లోపలి నిశ్చలమైన గాలే దాని బలం. గాలి సుడులు తిరిగే అంచు మైక్‌కు ఎంత దూరమైతే దడదడ అంత తగ్గుతుంది. పైన బొచ్చు తొడుగు కూడా వేశాక శిఖరం మీది గాలి విజిల్ వేస్తూ, గడ్డిని దువ్వుతూ స్పష్టంగా వినిపించింది. ఆ సాయంత్రం కోసమే ఈ ప్రయాణం చేశామని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే మూడు మీటర్ల బూమ్ కర్ర కొసన ఆ బరువును పావుగంట పట్టుకున్న మిత్రుడి భుజాలు మరునాటి వరకు నొప్పి పెట్టాయి.

కొండ విడిదిలో తలుపులు సరిగా పడవు, నీళ్లు ఆలస్యంగా వస్తాయి. అయినా యజమాని ఒక వెచ్చని గది మూల ఇవ్వడం మాకు అన్నింటికంటే ఉపయోగపడింది. పొద్దున పొగమంచుకు బొచ్చు తడిసి అట్టలు కట్టింది. తడిసిన బొచ్చు గాలిని ఆపదు సరికదా, పై స్థాయి ధ్వనులను మింగేస్తుంది. దాన్ని ఆ మూలలో ఆరబెట్టి, దువ్వెనతో విడదీసే వరకు మధ్యాహ్నమైంది.

అడవిలో పెద్దగా చెప్పుకోవలసిన ఇబ్బంది లేదు. ఆకు కదలని తెల్లవారుజామున బ్లింప్‌ను మూటలోనే ఉంచి, మైక్‌కు ఫోమ్ మాత్రమే తొడిగాము. బొచ్చు తీసేయడంతో పక్షి కూతల సన్నని అంచులు తేటపడ్డాయి. గాలి లేని చోట పెద్ద తొడుగు వేయడం వృథా అని మిత్రుడు వాదించాడు, బూమ్‌ను వేగంగా తిప్పినప్పుడు పుట్టే గాలికైనా ఫోమ్ ఉండాలని నేను అన్నాను. చివరి మజిలీలో పాత రాతి మండపం దగ్గర మా వాదన తేలిపోయింది. అక్కడ గాలి లేదు, ప్రతిధ్వని మాత్రం గోడల నుంచి అన్ని వైపులా తిరిగి వస్తుంది. అలాంటి చోట తొడుగు మారుస్తూ కూర్చోవడం కంటే షాట్‌గన్‌నే పక్కన పెట్టి, పొట్టి సూపర్‌కార్డియాయిడ్ మైక్ (ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా పట్టే, చీలికల గొట్టం లేని మైక్) వాడడం మేలు.

తిరుగు ప్రయాణంలో మొదటి సంస్థ తొడుగును పెట్టెలో పెట్టి పంపుతూ, లోపల ఒక చీటీ ఉంచాము. దానిమీద ‘రంధ్రం 24–25 మిల్లీమీటర్లు, లోతు 12 సెంటీమీటర్లు’ అని మాత్రమే రాశాము.