యొనాగుని వెళ్లాలంటే ఓడా, విమానమా?

జపాన్ పడమటి కొస యొనాగుని దీవి. తైవాన్ ఇక్కడికి 111 కిలోమీటర్లే. ఆకాశం తేటగా ఉంటే ఇరిజాకి కొస నుంచి అక్కడి కొండలు కనిపిస్తాయి. ఇషిగాకి దీవి నుంచి దారులు రెండు.

ఖర్చు: ఓడ చవక. విమానం టికెట్ దానికి రెండు మూడు రెట్లు.

సమయం: విమానం అరగంట. ఓడ నాలుగు గంటలు, అదీ వారానికి రెండుసార్లే.

కడుపు: అసలు తేడా ఇక్కడే. ఈ ఓడకు 'వాంతుల ఓడ' అని జపాన్‌లో పేరు. అలవాటున్నవాళ్లు ఎక్కగానే నడుం వాల్చేస్తారు. మాత్ర వేసుకునేది తల తిరగడం మొదలయ్యాక కాదు, ఎక్కేముందే.

రిస్క్: తుఫానొస్తే రెండూ ఆగుతాయి. విమానమైతే మర్నాటిమీద ఆశ. ఓడ తప్పితే రోజుల తరబడి ఎదురుచూపులు.

సెలవు తక్కువైతే, పిల్లలుంటే విమానమే. బరువైన సామాను, చేతినిండా సమయం, గట్టి కడుపు ఉంటే ఓడ. చలికాలంలో సుత్తితల సొరచేపల కోసం వచ్చే డైవర్లది వేరే లెక్క: వరుసగా డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. వాళ్లు వచ్చేది విమానంలో అయినా, తిరుగు ప్రయాణానికి ఓడ రోజు కుదురుతుందేమో చూసుకోవచ్చు. కాకపోతే ఆ కాలంలో సముద్రం మరీ మొండిది.