అమెరికా టాక్సులు, ఇండియా ఖాతాలు: పదేళ్లలో ఇద్దరు ప్రిపేరర్లు, ఒక సీఏ

ప్రతి జనవరిలో డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, టాక్స్ కోతల పత్రం) చేతికి రాకముందే టాక్స్ ప్రిపేరర్ల నుంచి, అంటే ఫీజు తీసుకుని మన రిటర్న్ నింపి పంపేవాళ్ల నుంచి, ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఎస్టిమేట్ ఫ్రీ. రిఫండ్ ఎంతొస్తుందో చూసుకుని, నచ్చితేనే ఫైల్ చేద్దాం." అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లలో ఈ ఫోన్ రానివాళ్లు ఉండరనుకుంటా. 2015 లో వచ్చిన నేను మొదటి నాలుగేళ్లూ అలా ఫోన్ చేసినవాళ్లతోనే ఫైల్ చేయించాను. ఫీజు 100 డాలర్ల లోపు, మాటంతా తెలుగులో, పని రెండు రోజుల్లో. ఎవరడిగినా వాళ్ల నంబరే ఇచ్చేవాణ్ణి. అలా ఇచ్చినందుకు తర్వాత ఇద్దరు ఫ్రెండ్స్‌కి సారీ చెప్పుకోవాల్సి వచ్చింది.

వాళ్లు అడిగేవన్నీ రిఫండ్ పెంచే ప్రశ్నలే. డొనేషన్లు ఏమైనా ఇచ్చారా, ల్యాప్‌టాప్ కొన్నారా. ఒకసారి "అమ్మానాన్నలకి డబ్బు పంపుతారుగా, డిపెండెంట్లుగా పెట్టేద్దామా?" అన్నారు. ఇండియాలోనే ఉంటూ అమెరికా పౌరులు కాని తల్లిదండ్రులను అలా చూపించకూడదని నాకప్పుడు తెలీదు. ఎందుకో మనసొప్పక వద్దన్నాను, బతికిపోయాను. ఇండియాలో ఖాతాలున్నాయా అని మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇండియా డబ్బుతో అమెరికాకి ఏం పని అనుకున్నాను.

2019 నవంబర్లో ఆఫీసు క్యాంటీన్‌లో ఒక కొలీగ్ మాటల మధ్యలో "నీ ఎఫ్‌బార్ అయిపోయిందా?" అన్నాడు. అదేంటన్నాను. విదేశాల్లో మన పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఇవ్వాల్సిన రిపోర్టు అది. వెళ్లేది ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) రిటర్న్‌తో కాదు, ఆర్థిక నేరాల మీద కన్నేసే ఫిన్‌సెన్ అనే ప్రభుత్వ సంస్థకి విడిగా. ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే) ఎఫ్‌డీలు, పాత జీతం ఖాతా, పీపీఎఫ్, పదకొండు మ్యూచువల్ ఫండ్లు, నాన్నతో జాయింట్ ఖాతా. మొదటి ఎఫ్‌డీకే గీత దాటేసింది. కావాలని చేయకపోయినా పెనాల్టీ 10,000 డాలర్ల పైమాటే, అదీ ఒక్కో ఖాతాకి అని ఎక్కడ చూసినా కనిపించింది. ఆ పెనాల్టీ ఖాతాకి కాదు, ఏడాదికి ఒక రిపోర్టు చొప్పునే అని అమెరికా సుప్రీం కోర్టు బిట్నర్ కేసులో తేల్చింది 2023 లో. 2019 లో ఆ ఊరట కూడా లేదు. వారం రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఈసారి ఫోన్ చేసింది నేను. ఐఆర్‌ఎస్ సైట్‌లో అర్హతలున్న ప్రిపేరర్ల డైరెక్టరీ ఉంది. అందులో ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్ దొరికారు. తెలుగావిడే. సీపీఏకి (అమెరికాలో మన సీఏ లాంటివాళ్లు) లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది, ఎన్‌రోల్డ్ ఏజెంట్‌కి ఐఆర్‌ఎస్సే ఇస్తుంది. డబ్బు తీసుకుని రిటర్న్ చేసే ప్రతివాళ్లకీ పీటిన్ అనే ఐఆర్‌ఎస్ నంబరు ఉండి తీరాలి, కానీ అది దరఖాస్తు పెట్టుకున్న ఎవరికైనా వచ్చేస్తుంది. నాకు ఫోన్లు చేసినవాళ్లు పదే పదే గొప్పగా చెప్పింది ఆ నంబరు గురించే.

పాత రిటర్న్‌లు పంపమన్నారు. పంపిన మర్నాడు కాల్‌లో 2017 రిటర్న్ రెండో పేజీ తెరవమన్నారు. "కింద పెయిడ్ ప్రిపేరర్ అని ఉంది చూడండి. అందులో ఎవరి పేరుంది?" ఎవరి పేరూ లేదు. నా చేత డబ్బు కట్టించుకుని, నేనే సొంతంగా చేసుకున్నట్టు పంపారు. "ఇప్పుడు షెడ్యూల్ బి మూడో భాగం చూడండి. విదేశీ ఖాతాలున్నాయా అన్నచోట ఏముంది?" నో అని ఉంది. సంతకం నాది. రిటర్న్ ఎవరు నింపినా జవాబుదారీ సంతకం పెట్టినవాడిదే అని ఆవిడ చాలా మెల్లగా చెప్పారు. ఆ మెల్లదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బయటపడిన దారి స్ట్రీమ్‌లైన్డ్ డొమెస్టిక్, అంటే కావాలని చేయని తప్పుని మనంతట మనమే సరిదిద్దుకునే ఐఆర్‌ఎస్ పద్ధతి. మూడేళ్ల రిటర్న్‌లు సవరించాలి, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేయాలి. నేనొచ్చి నాలుగేళ్లే కాబట్టి నాకు నాలుగు. చూపించని ఆస్తుల మీద 5 శాతం పెనాల్టీ. ఫారం 14654 లో ఎందుకు తప్పు జరిగిందో మన మాటల్లో రాయాలి. మీరే రాసిపెట్టండి అన్నాను. "నేను సరిచూస్తానండి, రాయాల్సింది మీరే" అన్నారు. నాలుగుసార్లు తిప్పి పంపారు. మూడోసారి చిరాకొచ్చింది కూడా. పాత ప్రిపేరర్‌ని తిట్టిన రెండు పేరాలూ కొట్టేసి, వాళ్లు ఏం అడిగారు, నేను ఏం చెప్పలేదు అన్నది మాత్రం ఉంచమన్నారు. అదే పంపాం. తర్వాత ఐఆర్‌ఎస్ నుంచి ఏ ఉత్తరమూ రాలేదు.

మ్యూచువల్ ఫండ్ల సంగతి విడిగా చెప్పాలి. మన ఫండ్లు అమెరికా లెక్కలో పీఫిక్‌లు, అంటే ప్రత్యేక టాక్స్ నియమాలున్న విదేశీ పెట్టుబడి సంస్థలు. మా దంపతులిద్దరివీ కలిపి 50,000 డాలర్లు దాటినందువల్ల ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫారం 8621 పడింది. ఒక్కో ఫారానికి ఆవిడ ఫీజు 125 డాలర్లు. పదకొండు ఫండ్లు! నెలకి 2,000 రూపాయల సిప్ నడిచే ఫండ్‌కి కూడా అదే ఫీజు. సిప్‌లు ఆ వారమే ఆపేశాను, ఫండ్లు అమ్మేశాను. ఇక్కడికి రాకముందే ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆవిడ ఫీజు సగం మిగిలేది.

ఆవిడతో ఇబ్బందులు లేవని కాదు. మార్చిలో ఈమెయిల్ పెడితే పది రోజులకి జవాబు. కాల్ కావాలంటే స్లాట్ బుక్ చేసుకోవాలి. స్టేట్‌మెంట్లన్నీ పోర్టల్‌లోనే ఎక్కించాలి, వాట్సాప్‌లో పంపితే తెరవరు. మామూలు ఏడాదికే ఫీజు 900 డాలర్లు. పైగా దాదాపు ప్రతి ఏడాదీ ఎక్స్‌టెన్షన్ (రిటర్న్ పంపడానికి గడువు పొడిగింపు). కట్టాల్సింది ఏప్రిల్ 15 కే కట్టిస్తారనుకోండి, అయినా అక్టోబర్ దాకా మెడ మీద కత్తే. ఒక్క డబ్ల్యూ-2 ఉండి, ఇండియాలో ఏమీ లేనివాళ్లకి ఇదంతా దండగ. సాఫ్ట్‌వేర్‌తో ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ఇండియా వైపు పనికి వేరే సీఏ ఉన్నారు. మంచాయనే. కానీ ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మధ్యలో పోస్ట్‌మ్యాన్ నేను. "ఎన్ఆర్ఈ వడ్డీకి టాక్స్ లేదు సార్" అంటారాయన. ఇండియాలో నిజమే. అదే వడ్డీ అమెరికా రిటర్న్‌లో పైసాతో సహా చూపించాలి. పీపీఎఫ్ వడ్డీదీ అదే కథ. ఆయన ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి, ఆవిడది జనవరి నుంచి డిసెంబర్. ఒకే ఎఫ్‌డీ వడ్డీని రెండు రకాలుగా ముక్కలు చేసి పంపడం నా పని.

ఈ ఇద్దరికీ ఇచ్చిన డబ్బు గిట్టింది 2024 లో, స్థలం అమ్మినప్పుడు. 2010 లో 9 లక్షలకి కొన్నది అక్టోబర్‌లో 42 లక్షలకి పోయింది. అమ్మేవాడు ఎన్ఆర్ఐ అయితే కొనేవాళ్లు టీడీఎస్ లాభం మీద కాదు, మొత్తం ధర మీద పట్టేస్తారు. సీఏ ముందే ఫారం 13 పెట్టి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెప్పించారు. ఇక్కడ ఈవిడ లెక్క ఇంకోలా వేశారు. కొన్ననాడు డాలరు 45 రూపాయల దగ్గరుంది, అమ్మిననాడు 84. అంటే 20,000 డాలర్లకి కొని 50,000 కి అమ్మినట్టు. 33 లక్షల లాభాన్ని అమ్మిననాటి రేటుకి మారిస్తే 39,000 డాలర్లు, ఇక్కడ చూపాల్సింది మాత్రం 30,000. ఇండియాలో కట్టిన 12.5 శాతం టాక్స్‌కి ఫారం 1116 లో క్రెడిట్ తీసుకుంటే, అంటే ఆ మేరకు ఇక్కడి టాక్స్‌లో తగ్గించుకుంటే, దీని మీద ఫెడరల్ టాక్స్ ఏమీ మిగల్లేదు. మా స్టేట్ ఆ క్రెడిట్ ఇవ్వదు, దానికి వేరే కట్టాం. పాతవాళ్ల చేతిలో పెట్టి ఉంటే ఎటు పోయేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

ఇన్నేళ్లలో తేలనిది నాన్న ఖాతా ఒక్కటే. ఆయన పెన్షన్ పడే ఖాతాలో, ఎందుకైనా మంచిదని ఎప్పుడో నా పేరూ చేర్చారు. వడ్డీ ఆయనదే అయినా ఎఫ్‌బార్‌లో ఆ ఖాతా గరిష్ఠ బ్యాలెన్స్ మొత్తం నేను రాయాలి. స్టేట్‌మెంట్ అడిగిన ప్రతిసారీ ఫోన్‌లో అదే మాట: "నా పెన్షన్ గురించి అమెరికా వాడికెందుకురా?" నా దగ్గర సరైన జవాబు ఎప్పుడూ లేదు. చివరికి 2025 జూన్‌లో, నాకు చెప్పకుండానే, బ్యాంకుకి వెళ్లి జాయింట్ తీయించి నన్ను నామినీగా పెట్టించి వచ్చారు. ఇక నన్ను అడగకు అన్నారు.

ఈ జనవరిలో ఆవిడకి ఆ సంగతి సంతోషంగా చెప్పాను.

"ఏ నెలలో తీయించారండి?"

"జూన్‌లో."

"అయితే ఆర్నెల్లు మీ పేరుంది కదా. ఈసారికి రాయాల్సిందే. స్టేట్‌మెంట్ తెప్పించండి."