"100% విటమిన్ ఇ" అని రాసిన నూనె కొనేముందు సీసా వెనక చూడండి

మచ్చలు పోతాయనో, పెళ్లిలోగా ముఖం నిగనిగలాడాలనో విటమిన్ ఇ ఆయిల్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మా చెల్లి కోసం రీల్స్‌లో ప్రకటన చూసి ఒక సీసా తెప్పించాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు ఇంకో పేరుతో మీ ఫోన్‌లోనూ కనబడుతుంది కాబట్టి దాన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతాను.

రాసుకున్న కొద్ది రోజులకే చెల్లి బుగ్గలు ఎర్రగా కందిపోయి సన్నటి పొక్కులు లేచాయి. కనురెప్పలు కూడా వాచాయి. ఫొటోలు పంపితే వాళ్లు ఇచ్చిన జవాబు చూసి ఒళ్లు మండింది: "అది డీటాక్స్ మేడమ్, లోపలి మలినాలు బయటికొస్తున్నాయి, ఆపకుండా రాయండి." ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. దురద, వాపు వచ్చాయంటే వెంటనే ఆపేయాలి. స్కిన్ డాక్టర్ చూసి కాంటాక్ట్ డెర్మటైటిస్ అన్నారు, అంటే తగిలిన పదార్థం పడక చర్మం కందిపోయి వాయడం. అందులోని సెంటు పడలేదో, విటమిన్ ఇ పడలేదో ప్యాచ్ టెస్ట్ (ఒక్కో పదార్థాన్నీ కొంచెం చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేస్తే గానీ తేలదట. కాబట్టి ఫలానాదే కారణమని నేను ఒట్టేసి చెప్పను.

సీసాలో ఉన్నది మాత్రం సీసా ముందువైపు రాసినది కాదు. పదార్థాల జాబితా మీద సరిగ్గా రేటు స్టిక్కర్ అంటించారు. గోరుతో గీకితే మొదట లైట్ లిక్విడ్ పారాఫిన్ (అంటే మినరల్ ఆయిల్), తర్వాత చర్మానికి మెత్తదనం ఇచ్చే ఐసోప్రొపైల్ మిరిస్టేట్, ఆపైన పెర్ఫ్యూమ్, అన్నిటికన్నా చివర టోకోఫెరిల్ అసిటేట్ కనిపించాయి. విటమిన్ ఇ అంటే ఆ చివరిదే. జాబితాలో ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాస్తారు, ఒక శాతం లోపు ఉన్నవి ఏ వరసలోనైనా ఉండొచ్చు. అంటే మేము కొన్నది సెంటు కలిపిన మినరల్ ఆయిల్. పైగా మిరిస్టేట్ మొటిమలు వచ్చే చర్మానికి అంత మంచిది కాదు.

జాబితా లేకపోయినా ఒక గుర్తు ఉంది. అసలు విటమిన్ ఇ తేనెలా చిక్కగా, జిగటగా ఉంటుంది. డ్రాపర్‌తో నీళ్లలా జారిపోతుంటే అది 100% అయ్యే అవకాశమే లేదు. వెలుతురుకీ గాలికీ పాడైపోతుంది కాబట్టి తెల్లటి పారదర్శక సీసాలో పోసి అమ్మేవాళ్లనీ అనుమానించాల్సిందే. తయారీదారు లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, పూర్తి చిరునామా కూడా ఉండాలి. మా సీసా మీద లైసెన్స్ నంబరే లేదు.

అసలు 100% మనకెందుకు అన్నది ఇంకో ప్రశ్న. విటమిన్ ఇ వల్ల ఉపయోగం లేదని కాదు. చర్మంలోని కొవ్వు పదార్థాలు ఎండకి దెబ్బతినకుండా అది కాపాడుతుంది, మన ముఖం మీది జిడ్డులోనే సహజంగా కొంత ఉంటుంది కూడా. 2005లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీవాళ్లు పంది చర్మం మీద పరీక్షించి, ఎండ నుంచి బాగా రక్షణ ఇచ్చిందని చెప్పిన మిశ్రమంలో విటమిన్ సి 15 శాతం, ఫెరులిక్ యాసిడ్ అనే మొక్కల్లో దొరికే యాంటీఆక్సిడెంట్ అర శాతం ఉంటే విటమిన్ ఇ ఉన్నది 1 శాతమే. మచ్చల సంగతి మరీ నిరాశ. 1999లో మయామీ డాక్టర్లు ఆపరేషన్ మచ్చల మీద రాయించి చూస్తే 90 శాతం కేసుల్లో తేడా రాలేదు, లేదా మచ్చ ఇంకా వికారంగా తయారైంది. ముగ్గురిలో ఒకరికి మా చెల్లికి వచ్చినట్టే కాంటాక్ట్ డెర్మటైటిస్ వచ్చింది. అది 15 మందితో చేసిన చిన్న అధ్యయనమే, అయినా ప్రకటనల్లో "ముందు, తర్వాత" ఫొటోల కన్నా నాకు అదే నమ్మకంగా అనిపించింది.

మెడికల్ షాపులో దొరికే క్యాప్సూల్స్ చిల్లుపెట్టి రాసుకునేవాళ్లకి కూడా ఇదే మాట. అవి మింగడానికి చేసినవి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మింగను కూడా మింగకండి. తిండిలోనే కావాలంటే గుప్పెడు బాదంలో 7 మిల్లీగ్రాముల దాకా వస్తుంది, వంటకి వాడే సన్‌ఫ్లవర్ ఆయిల్‌లోనూ బాగానే ఉంటుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే ముఖానికి రాసేముందు మోచేయి లోపలివైపు కొంచెం రాసి కొన్ని రోజులు చూడండి. చాలా అలర్జీలు రాసిన వెంటనే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి.

డబ్బులు అడిగితే మూత తీసిన సీసా వాపస్ తీసుకోం అన్నారు. పోస్టు కింద నా కామెంట్ తీసేసి, నన్ను బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీకూ అవసరం పడితే బిల్లు, సీసా, స్టిక్కర్ తీసిన లేబుల్ ఫొటో, డాక్టర్ చీటీ, చాట్ స్క్రీన్‌షాట్లు జాగ్రత్త చేసుకోండి. బ్లాక్ చేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసుకోవడం మరీ ముఖ్యం. మా ఫిర్యాదు మీద ఇంకా ఏమీ తేలలేదు, తేలాక ఇక్కడే రాస్తాను.