మిర్చి కొనుగోలు యాప్: కాటా దగ్గర వాడి చూశాక

పల్నాడులో మాది రైతు ఉత్పత్తిదారుల సంస్థ. సభ్యుల దగ్గర మిర్చి కొని, గ్రేడ్ చేసి ఎగుమతిదారులకు పంపుతాం. 2022 సీజన్ నుంచి ఈ పనంతా ఒక యాప్‌లో నడుస్తోంది. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటి యాప్‌లు చాలానే ఉన్నాయి, కొనేముందు చూసుకోవాల్సినవి అన్నిటికీ ఒకటే.

అసలు యాప్ దాకా ఎందుకు వెళ్లామంటే అఫ్లటాక్సిన్ వల్ల, అంటే బూజు నుంచి పుట్టే విషం. యూరప్‌కి వెళ్లే ఎండుమిర్చిలో అది కిలోకి మొత్తం 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 దాటకూడదు. శాంపిల్ ఫెయిలైతే ఆ సరుకు ఏ రైతు కల్లం నుంచి వచ్చిందో చెప్పమంటారు. పుస్తకాలు తిరగేసి చెప్పడం అయ్యే పని కాదు. యాప్‌లో లాట్ నంబరు కొడితే రైతు పేరు, కల్లం, తేమ శాతం, కాటా వేసిన తేదీ వచ్చేస్తాయి. ఈ పనికి పదికి పది ఇద్దామనుకున్నా. కానీ ఒక మెలిక ఉంది, కింద చెబుతా.

మొదటి సీజన్‌లో కాటా దగ్గర మాత్రం చుక్కలు చూపించింది. హమాలీ టిక్కీని, అంటే మిర్చి బస్తాని, కాటా మీద పడేసి "నలభై రెండు ఆరు" అని కేకేస్తాడు. మా కుర్రాడు 42.6 కొట్టాలి. కీప్యాడ్‌లో పాయింట్ ఎక్కడో మూలన, చిన్నగా ఉంటుంది. వేళ్లకి మిర్చి దుమ్ము, స్క్రీన్ మీద ఎండ. కొడితే 426 పడేది. నాలుగు వందల కిలోల టిక్కీ ఎక్కడైనా ఉంటుందా? యాప్ మాత్రం మారుమాట లేకుండా తీసుకునేది. సరిదిద్దాలంటే ఆఫీసు లాగిన్ కావాలి, ఈలోపు వెనక ట్రాక్టర్లు బారులు తీరేవి.

కంపెనీవాళ్లని అడిగితే "మా టెస్టింగ్‌లో ఈ సమస్య రాలేదండీ" అన్నారు. ఏసీ గదిలో బల్ల ముందు కూర్చుంటే ఎలా వస్తుంది? ట్రైనింగ్ రోజు మా కుర్రాళ్లతో ఒక ఫారం కూడా నింపించారు. ఎస్‌యూఎస్ అంటారట, 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన, వాడకం ఎంత తేలికో కొలిచే పది ప్రశ్నల ఫారం. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా కొట్టాలి, 5 అంటే పూర్తిగా ఒప్పుకున్నట్టు. ఒక ప్రశ్న మెచ్చుకునేదైతే తర్వాతది తప్పుపట్టేది. మావాళ్లు అదేం చూడకుండా, వచ్చినవాళ్లని చిన్నబుచ్చడం ఎందుకని, అన్నిటికీ 5 కొట్టేశారు. వాడడం తేలికేనా అంటే 5, గజిబిజిగా ఉందా అంటే కూడా 5! అలా కొడితే లెక్క ప్రకారం వందకి సరిగ్గా 50 వస్తుంది. సగటు 68 అంటారు కాబట్టి అది తక్కువ కిందే లెక్క. యాప్ నచ్చలేదని వాళ్లకి తెలిసింది గానీ, ఏం నచ్చలేదో తెలియలేదు.

మరుసటి ఏడు మార్చిలో, సరుకు ముమ్మరంగా వస్తుండగా, కంపెనీ నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. పని చేస్తూ మనసులో అనుకునేది పైకి చెప్పమన్నారు. కాటా రాసేవాడు మాట్లాడితే బరువులు కలిసిపోతాయి, మావాడు నోరు విప్పలేదు. వాళ్లూ పట్టుబట్టకుండా ఓ పక్కన కూర్చుని చూశారు. వాడు ఎక్కడైనా ఆగిపోయి వాళ్ల వైపు తిరిగితే "మేం లేకపోతే ఏం చేస్తారు?" అని తప్ప మాట సాయం చేయలేదు. కాసేపటికి వాళ్లు ఫోన్ పట్టుకున్నవాడిని వదిలేసి, వాడి భుజం మీంచి తొంగిచూస్తున్న రైతు మీద దృష్టి పెట్టారు. ఆయన సిగరెట్ పెట్టె అట్ట మీద తన లెక్క తాను రాసుకుంటున్నాడు. సేవ్ కొట్టగానే స్క్రీన్ మీద అంకె పోతుంది, ఆయన "ఆగాగు, ఎంత కొట్టావ్?" అని కాటా ఆపిస్తాడు. మేం ఇన్నాళ్లూ నెట్ స్లో అని తిట్టుకుంటున్నాం. ఆలస్యమంతా ఇక్కడే జరుగుతోంది.

తర్వాతి అప్‌డేట్‌లో అంకె దూరానికి కూడా కనిపించేంత పెద్దదైంది. చివరి ఐదు టిక్కీలు స్క్రీన్ మీదే ఉంటాయి, పాయింట్ దానంతటదే పడుతుంది, బరువు మరీ తేడాగా ఉంటే ఫోన్ వణికి మళ్లీ అడుగుతుంది. చివరి టిక్కీని కుర్రాడే రద్దు చేయొచ్చు. ఫోన్ ముట్టుకోని రైతుని కూడా చూసిన టెస్టింగ్ అది, అందుకే పనికొచ్చింది.

ఇప్పుడు ఆ మెలిక. రైతు పేరు ఎక్కించాలంటే పట్టాదారు పాస్‌బుక్ నంబరు తప్పనిసరి. మా దగ్గర కౌలు రైతులు బోలెడుమంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగు హక్కు పత్రం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, యాప్‌లో దానికి గడే లేదు. దాంతో భూమి యజమాని పేరు మీద ఎక్కిస్తున్నాం. రేపు శాంపిల్ ఫెయిలైతే, ఆ కల్లం మొహం కూడా చూడని గుంటూరు ఆసామి పేరు వస్తుంది. ఆ అమ్మాయిలు చూసిన రోజు కాటాకి వచ్చినవాళ్లంతా సొంత పొలం వాళ్లే, కాబట్టి ఇది బయటపడలేదు. చెప్పాక కూడా ఇంకా మారలేదు. అందుకే పదిలో ఆరే ఇస్తున్నా.

చీటీ ప్రింటర్ గురించి ఒక్క మాట. ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు వేడికి చెరిగిపోతాయి. డబ్బు పడేదాకా రైతు ఆ చీటీని దాచుకోవాలి కదా, మేం పక్కన కార్బన్ పుస్తకం కూడా రాస్తున్నాం. గోడౌన్ స్టాక్ భాగం జోలికి మేం పోవడమే లేదు.

కొనేవాళ్లు డెమోని సీజన్‌లో, మీ కాటా దగ్గరే అడగండి. డేటా ఆపేసి, ఫోన్ మీ కుర్రాడి చేతికిచ్చి, అమ్మడానికి వచ్చినాయన్ని కాసేపు మాట్లాడొద్దనండి. మేం ఈ ఏడాది కూడా రెన్యువల్ చేశాం, కౌలు రైతుల గడి పెడితేనే వచ్చే ఏడాది డబ్బు కడతామని రాసిచ్చి మరీ.