పేరు తొందరగా చెబుతోంది, ఆగాల్సిన చోట ఆగడం లేదు: ప్రకృతి గుర్తింపు యాప్ కొత్త డిజైన్‌పై ఒక టీచర్ సమీక్ష

మొక్కో, పిట్టో, పురుగో ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్ ఒకటి చాలా ఏళ్లుగా వాడుతున్నాను. నర్సంపేట వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. పాకాల చెరువు కట్ట మీద, చెలకల్లో, బడి వెనక గుట్ట మీద పిల్లలతో కలిసి చూసినవన్నీ ఇందులోనే ఎక్కిస్తుంటాం. కిందటేడు దీని డిజైన్ మొత్తం మార్చేశారు. మారిన వారంలోనే చాలామంది రివ్యూలు రాశారు. నేను మాత్రం వానలు, బతుకమ్మ, మిర్చి కాత, ఎండాకాలం అన్నీ ఒకసారి తిరిగొచ్చేదాకా వాడి రాస్తున్నాను. యాప్ పేరు రాయడం లేదు. ఇలాంటివి ఏది వాడేవాళ్లకైనా ఇందులో పనికొచ్చేది ఉంటుంది.

ముందు బాగున్నది చెబుతాను. ఏటూరునాగారం అభయారణ్యం వైపు వెళ్తే తాడ్వాయి దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. పాత యాప్‌లో అక్కడ తీసిన ఫోటోలకు ఇంటికొచ్చి నెట్ పెట్టాకే పేర్లు తెలిసేవి. అప్పటికి ఆ చెట్టు కింద పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ చల్లారిపోయేవి. ఇప్పుడు గుర్తింపుకు కావలసిన సమాచారమంతా ఫోన్లోకే దిగుతుంది కాబట్టి నెట్ లేకపోయినా చెట్టు కిందే చెప్పేస్తుంది. ఇప్ప, మోదుగ, తునికి దగ్గర తడబడింది లేదు. ఆకులన్నీ రాలిపోయిన మార్చిలో, మొసలి వీపులా పలకలు కట్టిన బెరడు ఒక్కటే చూపిస్తే నల్లమద్ది అని సరిగ్గా చెప్పింది. ఈ ఒక్క పని కోసమైనా ఈ యాప్ నా ఫోన్లో ఉంటుంది.

కాకపోతే స్టోరేజీ బాగా తింటుంది. మా పిల్లలు తెచ్చేవి ఇంట్లో వాళ్ల పాత ఫోన్లు, వాటిలో కెమెరా తెరవగానే వేడెక్కి ఆగిపోతుంది. తెలుగులో పెట్టుకుంటే బటన్ల మీద అక్షరాలకు ఒత్తులు కింద తెగిపోతాయి. 'గుర్తింపు'లో రకారం కింద ఉండాల్సిన త ఒత్తు కూడా కనపడదు. తెలుగు రాసే ఎవరైనా ఒక్కసారి తెర చూసి ఉంటే ఇది దొరికేది. పక్షి కూతలకు మాత్రం నేను అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ అనే యాప్ వేరుగా పెట్టుకున్నాను. దానితో దీనికి పోలిక పెట్టను.

ఇక అసలు విషయం. పాత యాప్‌లో ఫోటో పెట్టి, చోటు, తేదీ చూసుకున్నాక సూచనల పేజీ వచ్చేది. అందులో మొదటి వరుసలో, తనకు నమ్మకం ఉన్నంతవరకే ఒక మాట ఉండేది: ఇది ఫలానా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), లేదా ఫలానా కుటుంబం (దగ్గరి ప్రజాతుల గుంపు) అని. జాతుల పేర్లు దాని కింద, ఫోటోలతో పక్కపక్కన. కొత్త డిజైన్‌లో కెమెరా అలా చూపిస్తుండగానే తెర మధ్యలో పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క జాతి పేరు పడుతుంది. ఎంత నమ్మకంగా చెబుతోందో ఓ మూల చిన్న చుక్కల్లో ఉంటుంది. పోలిన మిగతా జాతులు చూడాలంటే ఇంకో రెండు పేజీలు లోపలికి వెళ్లాలి. పిల్లలు అంత దూరం వెళ్లరు. పెద్దవాళ్లూ వెళ్లరు.

ఆరుద్ర కార్తెలో వాన పడగానే ఎర్రమట్టి చెలకల్లో బయటికొచ్చే ఆరుద్ర పురుగునే తీసుకోండి. ఎర్రటి మఖమల్ ఒళ్లు, ఎనిమిది కాళ్లు. పురుగు అని పిలుస్తాం గానీ సాలీళ్లకు, పంటల మీద పడే నల్లులకు (మైట్స్) చుట్టం. పాత యాప్ దీన్ని కుటుంబం దగ్గరే ఆపేసేది. అది సరైన పని, ఎందుకంటే ఈ కుటుంబంలో జాతిని ఫోన్ ఫోటోతో తేల్చలేం. "టీచర్, పూర్తి పేరు ఎందుకు చెప్పలేదు?" అని పిల్లలు అడిగేవారు. ఆ ప్రశ్నతోనే ఒక పీరియడ్ మొత్తం నడిచేది. కాళ్లు లెక్కపెట్టేవాళ్లు, పిల్ల పురుగుకు ఆరు కాళ్లే ఉంటాయంటే నమ్మేవాళ్లు కాదు. ఇప్పుడు దానికీ పెద్ద అక్షరాల్లో జాతి పేరు వస్తోంది. రాగానే ఫోన్ జేబులో పెట్టేసుకుంటున్నారు.

బడిలో అయితే పోనీ అనుకోవచ్చు, చేను దగ్గర అనుకోలేం. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు (త్రిప్స్) వచ్చి పడ్డప్పటి నుంచి మా దగ్గర పూత కాలమంటేనే టెన్షన్. మొన్నటి సీజన్‌లో ఒక విద్యార్థి నాన్న మిర్చి పువ్వును అరచేతిలో దులిపి నా ముందు పెట్టాడు. "మేడం, జర మీ ఫోన్ల చూడుండ్రి. ఆ నల్లదేనా ఇది? ఏ మందు కొట్టాలె?" అరచేతిలో మిల్లీమీటరు పొడవు నల్లటి గీతలు పాకుతున్నాయి. కెమెరా పెట్టగానే ఒక జాతి పేరు వచ్చేసింది. ఫోన్ కొంచెం వంచితే ఇంకో జాతి పేరు వచ్చింది. తామర పురుగుల్లో జాతి తేల్చాలంటే స్లైడ్ మీద పెట్టి, మైక్రోస్కోప్ కింద మీసాల కణుపులు, వెంట్రుకలు చూడాలి. ఫోన్‌కు తెలిసేది తామర పురుగు అన్నంతవరకే. పూలల్లో గుంపుగా ఉన్నాయా, ఆకు పైముడత పడిందా, కింది ముడత పడిందా అన్నది చూస్తేనే రైతుకు ఎక్కువ తెలుస్తుంది. పైముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి అని వాళ్లకు ముందే ఎరుక. పువ్వుల్ని కవర్లో వేసుకుని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి చూపించమని, అక్కడా తేలకపోతే మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లమని చెప్పాను. ఆయన ఆ తెర మీది పేరు పట్టుకుని నేరుగా మందుల షాపుకు పోయి ఉంటే ఎకరానికి వేల రూపాయలు నేల పాలయ్యేవి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది పాముల సంగతి. మా దగ్గర ఇళ్లల్లోకి వచ్చే చారల పాములు ముఖ్యంగా రెండు. ఒకటి కట్లపాము, కాటు వేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు, కానీ ప్రాణం తీస్తుంది. రెండోది విషం లేని వుల్ఫ్ స్నేక్. కట్లపాముకు సన్నటి తెల్ల చారలు ఎక్కువగా జంటలుగా ఉంటాయి. మెడ వైపు మసకబారి, తోక వైపు స్పష్టంగా కనిపిస్తాయి. వుల్ఫ్ స్నేక్‌కు దీనికి తిరగేసి, ముందు భాగంలో స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకు వీపు మధ్యలో పెద్ద పొలుసుల వరుస ఒకటి ఉంటుంది, కానీ అది చూడాలంటే దగ్గరికి పోవాలి, పోకూడదు. పాత ఫోటోలు రెండు కొత్త యాప్‌కు చూపించి చూశాను. తోక మాత్రమే కనిపించే కట్లపాము ఫోటోకు వుల్ఫ్ స్నేక్ అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. నమ్మకం చుక్కలు ఐదుకు రెండే. ఆ రెండు చుక్కలు ఎవరు చూస్తారు?

తల్లిదండ్రుల మీటింగ్‌లో ఈ ఫోటో చూపించి అందరికీ చెప్పాను: పాము కరిచినప్పుడు యాప్ తెరవొద్దు, పాము వెనక ఫోన్ పట్టుకుని పోవద్దు, నేరుగా ఆసుపత్రికి పోండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఒకటే. పేరు కోసం ఆగి టైం పోగొట్టుకోవాల్సిన పని లేదు.

ఇంకో చిక్కు ఓట్లది. ఈ యాప్‌లో ఫోటోకు పేరు పెట్టినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది ఒకే పేరుకు ఒప్పుకుంటే అది పరిశోధనకు పనికొచ్చే రికార్డు అయిపోతుంది. అంటే మొదట పేరు పెట్టినవాడితో కలిపి ఇద్దరు చాలు. ఒక పిల్లాడు కెమెరా చెప్పిన పేరు పెడతాడు, పక్క బెంచీ వాడు ఒప్పుకునే ఆకుపచ్చ బటన్ నొక్కుతాడు. కొత్త డిజైన్‌లో ఆ బటన్ మరీ పెద్దదైంది, నిపుణులు రాసే వ్యాఖ్యలేమో పక్క ట్యాబ్‌లోకి పోయాయి. ఒకసారి మా పిల్లల సీతాకోకచిలుక ఫోటో కింద ఎక్కడి వారో ఒకాయన "రెక్కల కింది వైపు కూడా తీసి పెట్టగలరా?" అని రాశారు. పిల్లలు మర్నాడు మళ్లీ వెళ్లి తీసుకొచ్చారు. అలాంటి మాట ఇప్పుడు కంటికి కనిపించదు. పైగా మ్యాప్ చూస్తే హైదరాబాద్ చుట్టూ చుక్కలు కిక్కిరిసి, మా వైపు పలచగా ఉంటాయి. దగ్గర్లో నమోదైనవాటిని కూడా చూసుకుని యాప్ సూచనలు ఇస్తుంది కాబట్టి, మా దగ్గర తప్పు రికార్డులు పడితే తర్వాతి ఫోటోలకూ అదే పేరు ముందుకొచ్చే ప్రమాదం ఉంది.

చోటు దాచే ఆప్షన్‌ను కూడా కిందికి తోసేశారు. అలుగు (పాంగోలిన్) లాంటి వేటకు గురయ్యే జంతువుల చోటును యాప్ తనంతట తనే మసక చేస్తుంది, అది మంచిదే. పిల్లలు ఇంటి పెరట్లో తీసిన ఫోటోలకు మాత్రం మనమే దాచాలి. టీచర్లు ఇది గుర్తు పెట్టుకోండి.

పిల్లలతో వాడేవాళ్లకు నేను పాటించే పద్ధతి చెబుతాను. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్ ఆన్ చేస్తే పాత సూచనల పేజీ చాలావరకు తిరిగొస్తుంది. దాన్ని అన్ని ఫోన్లలో ముందే ఆన్ చేయిస్తాను. కెమెరా తెరిచే ముందు కంటికి కనిపించిన మూడు లక్షణాలు నోట్‌బుక్‌లో రాయాలి. ఒప్పుకునే బటన్ క్లాసులో ఎవరూ నొక్కకూడదు.

యాప్ వాళ్లను అడిగేది ఒక్కటే. నమ్మకం తక్కువైనప్పుడు పెద్ద అక్షరాల్లో ప్రజాతి పేరో కుటుంబం పేరో పెట్టండి, జాతులు దాని కింద వరుసలో రానివ్వండి. ఇదే విషయం కట్లపాము ఫోటోతో సహా వాళ్ల ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసి పంపాను, పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ప్రస్తుతానికి ఐదుకు మూడు స్టార్లు ఇచ్చాను. ఆ పేజీ మారిస్తే ఐదు ఇస్తాను.