హై-రిజల్యూషన్ సంగీతం: చెవిదాకా చేరేది ఎంత?

యాపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో లాస్‌లెస్ (కుదించినా ధ్వని సమాచారం ఏమీ పోని) పాటలను, వాటిలో భాగంగా 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ వరకు (ధ్వనిని ఎంత సూక్ష్మంగా, సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో చెప్పే లెక్కలివి) వెళ్లే హై-రిజల్యూషన్ పాటలను చందాదారులకు అదనపు రుసుము లేకుండానే అందించడం మొదలుపెట్టింది. ధర విషయంలో వంక పెట్టలేం. అయితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు అంత సమాచారాన్ని మోయలేవు కాబట్టి, 48 కిలోహెర్ట్జ్ దాటిన పాటను ఉన్నదున్నట్లుగా వినాలంటే ఐఫోనుకు విడిగా ఒక డాక్ (డీఏసీ, అంటే డిజిటల్ సమాచారాన్ని ధ్వని సంకేతంగా మార్చే పరికరం) తగిలించి, వైరున్న హెడ్‌ఫోన్లు పెట్టుకోక తప్పదు. వైర్ల చిక్కు వదిలిందని సంతోషించిన శ్రోతలు మళ్లీ వాటి జోలికి వెళ్తారని నాకు నమ్మకం లేదు.

నేను మాత్రం వెళ్లాను. 96 కిలోహెర్ట్జ్ వీణ కచేరీ మొదలవగానే డాక్ మీది చిన్న దీపం రంగు మారింది. తీగ మీటిన తరువాత నాదం సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసేదాకా వినిపించింది. కానీ అదే కచేరీని, కొంత సమాచారం వదిలేసి కుదించే మామూలు రూపమైన ఏఏసీతో (సెకనుకు 256 కిలోబిట్లు) మార్చి మార్చి, ఏది ఏదో చెప్పకుండా మా అబ్బాయి వినిపించినప్పుడు, పదింట ఆరుసార్లే సరిగ్గా గుర్తుపట్టాను. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వచ్చేది! పాత సినిమా పాటల్లోనైతే టేపు బుస ఇంకాస్త శుభ్రంగా వినిపించింది.

మూడు నిమిషాల పాటకు ఏఏసీలో సుమారు 6 మెగాబైట్లు సరిపోతే, హై-రిజల్యూషన్‌కు 145 దాకా కావాలి. ప్రత్యేక డీకోడింగ్ కోరిన ఎంక్యూఏ అనే హై-రిజల్యూషన్ ఫార్మాట్‌ను మరో సంగీత సేవ టైడల్ 2024లో వదిలి, అందరికీ అందుబాటులో ఉన్న లాస్‌లెస్ ఫార్మాట్ ఫ్లాక్‌కు మారింది. ఇంట్లో వైఫై మీద 48 కిలోహెర్ట్జ్ లాస్‌లెస్ ఉంచుకుని, హై-రిజల్యూషన్‌ను నేను ఆపేశాను.