కొరమీనా, మట్టగిడసా, పూమీనా? కొనే ముందు ఇవి చూసుకోండి

మొన్న ఆదివారం విజయనగరంలో చేపలు కొనడానికి వెళ్తే ఒకావిడ బకెట్లో నల్లగా మెలికలు తిరుగుతున్న జానెడు చేపలు చూపించి, "కొర్రమీను పిల్లలు బావూ, తెల్లారగట్ల పట్టినవి, ఇంకా ఊపిరితోనే ఉన్నాయి సూడు" అంది. ఊపిరితో ఉన్న మాట నిజమే. కానీ అవి కొరమీను పిల్లలు కావు, నిండుగా పెరిగిన మట్టగిడసలు. రేటు మాత్రం కొరమీనుది అడిగింది. ఆవిడ కావాలని మోసం చేసిందని నేను అనను, ఆవిడకి అమ్మినవాళ్ళు కూడా ఆ పేరుతోనే అమ్మి ఉంటారు. మన దగ్గర నల్లగా, పాము తలతో, నీళ్ళు లేకపోయినా గంటలకొద్దీ బతికే చేప ఏది కనిపించినా కొరమీనే అనేస్తాం, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

కూర వరకైతే పోయేది వంద రెండొందలు. చెరువులో వేసేటప్పుడు పొరబడితే ఏడాది కష్టం పోతుంది. రాజాం దగ్గర మా బావమరిది రెండేళ్ళ కిందట ఎవరో తెచ్చిచ్చారని "కొరమీను పిల్లలు" కొని చిన్న గుంటలో వదిలాడు. దాణా బాగానే పెట్టాడు, వల కూడా కప్పాడు. ఎనిమిది నెలలయ్యాక వల లాగితే ఒక్కోటీ అరచేయి కంటే కాస్త పొడుగు, అంతే. నీళ్ళు బాగోలేవని కొన్నాళ్ళు, దాణా మంచిది కాదని కొన్నాళ్ళు టెన్షన్ పడ్డాడు. చివరికి ఒకటి తీసి పక్కలు కడిగి చూస్తే అప్పుడు తెలిసింది, సగానికి పైగా మట్టగిడసలే. దానికి ఎంత మేత పెట్టినా సాధారణంగా జానెడు, మహా అయితే అడుగు. కొరమీనుకి సంరక్షణ బాగుంటే ఏడాదిలోపే ముప్పావు కిలో, కిలో వస్తుంది.

ఇంతకీ గుర్తుపట్టడం ఎలా అంటే, ముందు రంగు నమ్మకండి. కొరమీను, మట్టగిడస, వీటికంటే పెద్దగా పెరిగే పూమీను, మూడూ ఒకే కుటుంబం చేపలు, అన్నీ నీటిని బట్టి రంగు మారుస్తాయి, నల్లమట్టి గుంటలోది బొగ్గులా ఉంటుంది, తేట నీటిలోది గోధుమ రంగులో ఉంటుంది. సైజు అసలే నమ్మకండి. చేపని బకెట్లోంచి బయటికి తీయించి, మంచినీళ్ళు పోసి, పక్కకి తిప్పి చూడండి.

కొరమీను అయితే వీపు ముదురుగా ఉండి, అక్కడినుంచి పొట్టవైపు ఏటవాలుగా నల్ల పట్టీలు దిగుతాయి, పొట్ట తెల్లగా గానీ లేత పసుపుగా గానీ ఉంటుంది. ఒళ్ళు సన్నగా, గుండ్రంగా, రోకలిలా ఉంటుంది. మట్టగిడస పొట్టిగా, ఆ పొడవుకి బొద్దుగా ఉంటుంది, పక్కల మీద మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలుంటాయి. కొన్నిటికి ఆ చుక్కలు సరిగ్గా కనిపించవు, అక్కడే జనం తికమకపడతారు. అప్పుడు పొలుసులు లెక్కపెట్టడం ఒక్కటే దారి. మొప్ప దగ్గర నుంచి తోక దాకా పక్కన ఒక గీత పోతుంది చూడండి, దాని మీద మట్టగిడసకి 40 లోపు, లేదా కాస్త అటూఇటూగా పొలుసులుంటాయి, పెద్దపెద్దవి. కొరమీనుకి 50 దాటతాయి. పూమీనుకి 60 పైనే. అంత ఓపిక లేకపోతే వీపు మీది పొడుగు రెక్క విప్పి ఈనెలు లెక్కపెట్టండి: మట్టగిడసకి 30 దగ్గర, 33 మించవు, కొరమీనుకి 37 నుంచి 46 దాకా, పూమీనుకి 45 నుంచి 55 దాకా ఉంటాయి. నేనైతే రెక్కే లెక్కపెడతాను, తడి చేప మీద పొలుసులు లెక్కపెడుతుంటే కళ్ళు తిరుగుతాయి.

పూమీనుతో అంత ఇబ్బంది లేదు. తోక మొదట్లో నల్లటి కన్ను లాంటి మచ్చ, దాని చుట్టూ నారింజ అంచు, అది చూస్తే చాలు. మచ్చ చెదిరిపోయిన ముసలి చేపైతే సైజే చెబుతుంది, అది మీటరు పైగా పెరిగే జాతి, పెద్ద నీళ్ళలో ఉంటుంది. కొండవాగుల్లో ఇంకో చిన్నది దొరుకుతుంది, రెక్కల అంచున నారింజ చార ఉంటుంది, అదీ పెరిగేది కాదు.

ఇక ఏది మేలు? ఇంట్లో చిన్నపిల్లలుంటే, వేపుడుకైతే, ఆలోచించకుండా కొరమీనే. నడిమి ముల్లు తీసేస్తే సన్నముళ్ళ బెడద పెద్దగా ఉండదు, ముక్క విరగదు. నాకు మాత్రం మామిడికాయ వేసి పెట్టే పులుసుకి మట్టగిడసే ఇష్టం, ముఖ్యంగా తొలకరికి మళ్ళలోకి నీళ్ళెక్కినప్పుడు ఎదురెక్కి వచ్చినవి. బూడిద వేసి జిగురు పోయేదాకా రుద్దాలి, గంట పని, తలకాయలు తీసేయకూడదు. రుచి విషయంలో అది ఎవరికీ తీసిపోదు, కాకపోతే మట్టగిడస రేటుకే కొనాలి. పూమీను పెద్దదైతే కండ గట్టిగా ఉంటుంది, ముక్కలుగా కోసి అమ్మితే కిలో తీసుకోవచ్చు, దాని కోసం వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు.

చెరువుకైతే కొరమీను తప్ప వేరే మాటే లేదు. అయితే పొలం గట్ల దగ్గర ఎర్రగా ఉండలా తిరిగే పిల్లల గుంపుని వలేసి తెచ్చి అమ్ముతుంటారు, దయచేసి అవి కొనకండి. తొలి రోజుల్లో కొరమీను పిల్లలు ఎర్రగానే ఉంటాయి, కిందనే తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి, ఆ గుంపు ఎత్తేస్తే ఆ గుంటలో ఆ ఏడు కాపు అయిపోయినట్టే. పిల్లల్ని పెంచి అమ్మేచోట వేలెడు సైజువి తీసుకోండి. వేసేటప్పుడు కూడా పెద్దవీ చిన్నవీ వేరు చేయాలి, లేకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి.

ఈ ఏడు బావమరిది పిల్లలు తెచ్చే ముందు ఫోన్ చేశాడు. "బావా, నువ్వొస్తేనే నీళ్ళలో వదుల్తాను" అన్నాడు. తెల్ల స్టీలు పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, ఇరవై పిల్లల్ని వేసి, ఎండలో పెట్టి చూశాం. వేలెడు కొరమీనుకి వీపు రెక్క చివర, తోక దగ్గర కాదు, రెక్క చివరే, ఒక నల్లచుక్క ఉంటుంది, పెద్దయ్యాక అది పోతుంది. పద్దెనిమిదింటికి కనిపించింది. మిగతా రెండూ బొద్దుగా, చుక్కలేసుకుని ఉన్నాయి. వాటిని వేరే గిన్నెలోకి తీసి, మిగతా పిల్లల్ని కూడా పళ్ళెం పళ్ళెంగా చూసి వదిలేసరికి మధ్యాహ్నం రెండయింది.